ఒక పెన్ను పాళీ ఇంకో పెన్నుకి పడుతుందా?

ఈ ఎపిసోడ్‌లో ఫౌంటెన్ పెన్నుల గురించి మాట్లాడుకుందాం. చాలా ఇళ్ళలో ఒక మంచి పెన్ను ఉంటుంది. తాతగారిదో, నాన్నగారిదో, పుట్టినరోజుకి ఎవరో ఇచ్చిందో. ఒకసారి కింద పడుతుంది, పాళీ మొన వంగుతుంది, అంతే, డ్రాయర్‌లోకి వెళ్ళిపోతుంది. పాడైంది పాళీ ఒక్కటే అయినా మనం మాత్రం మొత్తం పెన్ను పోయిందనుకుంటాం.

మరి వేరే పెన్ను పాళీ తీసి దీనికి పెట్టొచ్చా? కొన్ని పెన్నులకి రెండు నిమిషాల పని. కొన్నిటికి ప్రయత్నిస్తే ఉన్న పెన్ను కూడా విరుగుతుంది. ఏది ఏ రకమో పని మొదలుపెట్టక ముందే ఎలా తెలుసుకోవాలో చెప్తాను.

ముందు లోపల ఏముందో చూద్దాం. పైన లోహపు పాళీ. దాని కింద నల్లగా నాలుకలా ఉండే ముక్కని ఫీడ్ అంటారు. ఈ రెండూ మనం వేళ్ళతో పట్టుకునే భాగంలో, అంటే సెక్షన్‌లో కూర్చుంటాయి. ఫీడ్‌లో ఉన్న సన్నటి గాడి వెంట సిరా పాళీ చీలిక దాకా వస్తుంది. సిరా బయటికి వస్తున్నకొద్దీ గాలి లోపలికి వెళ్తుంది. పాళీ, ఫీడ్ ఒకదానికొకటి ఆనుకుని ఉంటేనే ఇది సరిగ్గా జరుగుతుంది. మధ్యలో సందు వస్తే రాత ఆగి ఆగి వస్తుంది. ఫీడ్ వదులుగా కూర్చుంటే చొక్కా జేబు నీలంగా మారుతుంది. అందుకే పాళీ లోపలికి దూరితే సరిపోదు, ఫీడ్ మీద అతుక్కున్నట్టు కూర్చోవాలి.

ఇక సులువుగా మార్చుకోగలిగేవి. లామీ సఫారీ తీసుకోండి. సఫారీ, ఆల్‌స్టార్, విస్టా, జాయ్, వీటన్నిటికీ ఒకే రకం పాళీ. పాళీ మీద చిన్న టేపు ముక్క అంటించి, నేరుగా ముందుకి లాగితే వచ్చేస్తుంది. ఫీడ్ కదలదు. సన్నగా రాసేది తీసి 1.1 మి.మీ. వెడల్పు మొన ఉన్నది పెట్టుకుంటే అదే పెన్నుతో అందమైన అక్షరాలు రాసుకోవచ్చు. అదే కంపెనీ లామీ 2000కి మాత్రం ఈ పాళీ పడదు. కంపెనీ పేరు ఒకటే కదా అని అనుకోవద్దు.

పైలట్‌లో కూడా ఇలాంటి కుటుంబం ఒకటుంది. మెట్రోపాలిటన్, కకునో, ప్రెరా పాళీలు ఒకదానికొకటి పడతాయి. ప్లాటినం ప్రెపీ సెక్షన్‌ని పాళీతో సహా విప్పి అదే కంపెనీ ప్లేజిర్ బారెల్‌కి బిగించొచ్చు. చవక పెన్ను పాళీ, లోహపు ఒళ్ళు, బాగుంది కదా! పెలికాన్ ఎం200, ఎం400లలో అయితే పాళీ, ఫీడ్ కలిపి ఒక మరలాగా తిరుగుతూ ఊడి వస్తాయి. ఎం200లో ఉన్న స్టీలు పాళీ తీసి ఎం400 బంగారు పాళీ బిగించుకోవచ్చు. ఎం800 పెద్దది, దానిది దీనికి రాదు.

ఇప్పుడు అందరూ బోల్తాపడే చోటు. ఆన్‌లైన్‌లో "నంబర్ 6 నిబ్" అని కనిపిస్తుంది. మన పెన్ను కూడా నంబర్ 6 కదా, కొనేద్దాం అనిపిస్తుంది. ఆ నంబరు పాళీ ఎంత లావో ఉజ్జాయింపుగా చెప్తుంది, అంతే. జోవో, బాక్ అని జర్మనీలో రెండు పాళీల కంపెనీలు ఉన్నాయి. రెండూ నంబర్ 6 తయారుచేస్తాయి. కానీ పాళీ కూర్చునే మరల గొట్టం దేనిది దానిదే. ఒకదాని గొట్టం ఇంకోదానికి బిగించబోతే మరలు అరిగిపోతాయి.

అందుకని కొనే ముందు మూడు చూడండి. ఒకటి, పాళీ అడుగు భాగం వంపు మీ ఫీడ్ వంపుకి సరిపోతుందా? రెండు, పొడవు. పాళీ పొడవైతే క్యాప్ పెట్టగానే మొన లోపల తగిలి వంగుతుంది. మూడు, పాత పాళీ ఎలా నిలబడి ఉంది? కేవలం బిగువు మీదా, మరల మీదా? మరలది లాగకూడదు, బిగువుది తిప్పకూడదు.

మన దగ్గరి పెన్నుల సంగతి కూడా చెప్పాలి. రాజమండ్రి రత్నం పెన్నులు పేరు విన్నారు కదా. 1932 నుంచి చేత్తో తయారవుతున్నవి. ఇలా చేత్తో చేసే ఎబొనైట్ పెన్నులు చాలావాటిలో పాళీ, ఫీడ్ బిగువు మీదే నిలబడతాయి. ఎబొనైట్ అంటే గట్టిపరిచిన రబ్బరు. వేడికి కొంచెం మెత్తబడుతుంది. కొత్త పాళీకి, ఫీడ్‌కి మధ్య సందు వస్తే, ఆ కొసని కాసేపు వేడి నీళ్ళలో ఉంచి, వేళ్ళతో మెల్లగా నొక్కి పట్టుకుంటే ఫీడ్ పాళీకి ఆనుకుంటుంది. పెన్ను మొత్తం ముంచొద్దు, ఎబొనైట్ రంగు మారుతుంది. ప్లాస్టిక్ ఫీడ్‌కి ఈ ఉపాయం పెద్దగా పనిచేయదు.

ఏ పెన్నైనా విప్పే ముందు సిరా ఖాళీ చేసి, చల్లటి నీళ్ళలో కడిగి, ఒక రాత్రి నానబెట్టండి. లోపల ఎండిన సిరా జిగురులా పట్టేసి ఉంటుంది. పట్టకారు వద్దు. రబ్బరు ముక్కతో పాళీని, ఫీడ్‌ని కలిపి పట్టుకుని నేరుగా లాగండి. రాకపోతే మళ్ళీ నానబెట్టండి. మొన దగ్గర మాత్రం ఎప్పుడూ పట్టుకోకండి, చివర ఉండే గట్టి లోహపు బొట్టు ఊడితే ఆ పాళీ ఇక రాయదు.

తాతగారి పాత పెన్ను అయితే నా మాట వినండి. ముందు ఒక చవక పెన్ను మీద చేయి తిప్పుకోండి. పాత ప్లాస్టిక్ పెళుసుగా ఉంటుంది, కొన్ని వేడి నీళ్ళు తగిలితేనే పాడవుతాయి. బంగారు పాళీ వంగితే పారేయకండి, చాలావరకు పెన్నులు బాగుచేసేవాళ్ళు సరిచేస్తారు. విప్పడం మొదలుపెట్టేటప్పుడు ఫోన్‌తో నాలుగు వైపులా ఫొటోలు తీసుకోండి. పాళీ ఎంత లోపలికి ఉంది, ఫీడ్ ఎటు తిరిగి ఉంది అన్నది తిరిగి పెట్టేటప్పుడు ఆ ఫొటోలే చెప్తాయి.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఈలోగా ఆ డ్రాయర్ ఒకసారి తెరవండి.