అచ్చు యంత్రం వెంట వచ్చిన బడి

షికాగోలో ఇంటి నంబరు తెలిస్తే చాలు, ఆ ఇల్లు ఊరి నడిబొడ్డుకు ఎంత దూరమో లెక్కకట్టొచ్చు. స్టేట్, మాడిసన్ వీధులు కలిసే కూడలి సున్నా. అక్కడి నుంచి దక్షిణానికి నడిచేకొద్దీ నంబర్లు పెరుగుతాయి. 79వ వీధి వచ్చిందంటే 9 మైళ్లు, అంటే 14 కిలోమీటర్లకు పైనే వచ్చేశామన్నమాట. సరస్సు ఒడ్డున ఆకాశాన్నంటే మేడలు కనుమరుగై, ఇటుక ఇళ్లు, చర్చిలు, చిన్న చిన్న దుకాణాలు కనిపిస్తాయి. ఆ వీధికి కాస్త ఇవతల సౌత్ ఎల్లిస్ అవెన్యూలో 7823 నంబరు దగ్గర ఒక బడి ఉంది. పేరు బెట్టీ షబాజ్ ఇంటర్నేషనల్ చార్టర్ స్కూల్. నల్లజాతి నాయకుడు మాల్కం ఎక్స్ భార్య పేరది. భర్త హత్య తర్వాత ఆరుగురు కూతుళ్లను పెంచుతూనే డాక్టరేట్ చేసి, న్యూయార్క్‌లో కాలేజీ విద్యార్థులకు పాఠాలు చెప్పిన విదుషి ఆమె. 1997లో ఆమె కన్నుమూశారు. మరుసటి ఏడాదే ఈ బడి తెరుచుకుంది.

ఇక్కడ పొద్దున్నే పిల్లలూ పెద్దలూ గుండ్రంగా నిలబడతారు. దాన్ని యూనిటీ సర్కిల్ అంటారు. డోళ్లు మోగుతాయి. ఐకమత్యం, స్వయం నిర్ణయం, కలిసి పనిచేయడం వంటి ఏడు సూత్రాలను స్వాహిలీ పేర్లతో పిల్లలు చెబుతారు. టీచరును ఇంటిపేరుతో పిలిచే అమెరికా అలవాటు ఇక్కడ లేదు. ఆడవాళ్లయితే ‘మామా’, మగవాళ్లయితే ‘బాబా’, అంటే అమ్మ, నాన్న. లెక్కలు, సైన్సు, ఇంగ్లిషు అన్ని బళ్లలాగే ఉంటాయి. తేడా అంతా కథ ఎక్కడ మొదలుపెడతారన్న దాంట్లోనే ఉంది. నల్లవారి చరిత్ర బానిసల ఓడతో మొదలవదని, అంతకు ముందు నైలు తీరం ఉందని, టింబక్టు పండితులు ఉన్నారని ఈ పిల్లలకు చిన్నప్పుడే తెలుస్తుంది.

1998లో తెరుచుకున్నా ఈ బడి వేళ్లు ఇంకా లోతున ఉన్నాయి. ఆ వేళ్ల దగ్గర కనిపించేది పలకా బలపం కాదు, ఒక పాత సైక్లోస్టైల్ యంత్రం.

1960లో అప్పటికి డాన్ ఎల్. లీ అనే పేరున్న కుర్రాడొకరు సైన్యంలో చేరారు. శిక్షణ శిబిరానికి బస్సులో వెళ్తూ గాయకుడు, ఉద్యమకారుడు పాల్ రోబ్సన్ రాసిన పుస్తకం వెంట తీసుకెళ్లారు. దిగగానే సార్జెంటు ఆ పుస్తకం లాక్కుని, పేజీలు చింపి, తోటి కుర్రాళ్లకు పంచిపెట్టాడు. ఒక పుస్తకాన్ని చూసి అంతటి సైన్యం ఎందుకు ఉలిక్కిపడిందన్న ప్రశ్న ఆ యువకుణ్ని వదల్లేదు. సైన్యం నుంచి వచ్చాక షికాగోలో మార్గరెట్ బరోస్ అనే చిత్రకారిణి తన ఇంట్లోనే నెలకొల్పిన నల్లజాతి చరిత్ర మ్యూజియంలో పనికి కుదిరారు. కవిత్వం రాశారు. గ్వెండొలిన్ బ్రూక్స్ అంతటి కవయిత్రి ఆయనకు గురువయ్యారు. పులిట్జర్ బహుమతి అందుకున్న తొలి నల్లజాతి రచయిత ఆమె. 1967లో కవితా పఠనాలతో వచ్చిన 400 డాలర్లు పెట్టి ఆయన ఒక సెకండ్‌హ్యాండ్ సైక్లోస్టైల్ యంత్రం కొన్నారు. ఎంగిల్‌వుడ్ పేటలో తాను అద్దెకుంటున్న సెల్లార్ గదిలో దాన్ని పెట్టుకుని జొహారి అమిని, కరొలిన్ రాడ్జర్స్ అనే ఇద్దరు కవయిత్రులతో కలిసి థర్డ్ వరల్డ్ ప్రెస్ మొదలుపెట్టారు. తర్వాతి కాలంలో బ్రూక్స్ పెద్ద ప్రచురణ సంస్థను వదిలి, తన పుస్తకాలు కొన్ని ఈ శిష్యుడి చేతికి ఇచ్చారు. డాన్ లీ 1974లో హాకి మధుబూటిగా పేరు మార్చుకున్నారు.

పుస్తకాలు సరే, వాటిని చదివే పిల్లలు ఏ బడిలో ఉన్నారు? ఆ రోజుల్లో షికాగో నల్లవారి పేటల్లో బళ్లు కిక్కిరిసి ఉండేవి. పక్క పేటలోని తెల్లవారి బళ్లలో ఖాళీలున్నా అక్కడికి పంపకుండా, అధికారులు రేకుల తరగతి గదులు తెచ్చి ఆవరణల్లో నిలబెట్టారు. సూపరింటెండెంట్ బెంజమిన్ విల్లిస్ పేరు మీద జనం వాటిని ‘విల్లిస్ వ్యాగన్లు’ అన్నారు. 1963 అక్టోబర్ 22న 2 లక్షల మందికి పైగా పిల్లలు బడి మానేసి నిరసన తెలిపారు. ఆ ఒక్కరోజుకు చర్చిల్లో ‘ఫ్రీడమ్ స్కూళ్లు’ నడిపి పెద్దలే పాఠాలు చెప్పారు. మన బడి మనమే నడుపుకోగలమన్న ధీమా అలాంటి రోజుల్లోనే పుట్టి ఉంటుందని నాకనిపిస్తుంది.

1969లో మధుబూటి, ఆయన మిత్రులు ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పాజిటివ్ ఎడ్యుకేషన్ స్థాపించారు. 1972లో దాని నీడన న్యూ కాన్సెప్ట్ అనే బడి మొదలైంది. తొలుత అది శనివారపు బడి. రెండేళ్లకు రోజూ నడిచే బడిగా ఎదిగింది. వారాంతాల్లో తెలుగు నేర్పే బడులకు పిల్లల్ని తీసుకెళ్లే అమెరికా తెలుగువాళ్లకు ఆ తొలి రోజుల శ్రమ ఎలాంటిదో వేరే చెప్పక్కర్లేదు. 1972లోనే దేశంలో నల్లవారు నడిపే ఇలాంటి బళ్లు కొన్ని కలిసి ఒక మండలిగా ఏర్పడ్డాయి. ప్రభుత్వ సొమ్ము లేదు. తల్లిదండ్రుల ఫీజులు, దాతల చందాలు, తక్కువ జీతానికి పనిచేసే టీచర్లు, అంతే పెట్టుబడి. అలాంటి బళ్లు ఎన్నో కొన్నాళ్లకు మూతపడ్డాయి. ఇది నిలిచింది.

నిలిపినవారిలో ముఖ్యురాలు మధుబూటి సహధర్మచారిణి కరోల్ లీ. బడిలో ఆమె సఫీషా. ఆమె చేసిన పనిని ఇంకాస్త దగ్గరగా చూడాలి. నల్లవారి పేటల్లో కుర్రాళ్లు ఒకరినొకరు మాటలతో ఆటపట్టించుకుంటారు. అన్నది ఒకటి, అర్థం మరొకటి. మన రచ్చబండ మీద సామెత విసిరినట్టే, సూటిగా అనకుండా తగలాల్సిన చోట తగిలిస్తారు. టీచర్లు దాన్ని అల్లరి భాషగా చూసేవారు. కరోల్ లీ మాత్రం అందులో సాహిత్య విమర్శ చూశారు. ముందు ఆ ఆటపట్టింపు మాటలనే పిల్లల ముందు పెట్టి, ‘ఇందులో అసలు అర్థం ఏమిటి? నీకెలా తెలిసింది?’ అని అడగాలి. ఎలా తెలిసిందో వాళ్లు తమ నోటితో చెప్పాక అదే ఒడుపుతో నవలలోకి తీసుకెళ్లాలి. వెనకబడ్డారనుకున్న హైస్కూలు పిల్లలు ఇలా ఆలిస్ వాకర్ వంటివారి రచనల్లోని గూఢార్థాలు విప్పి చెప్పారు. 1993లో ఆ పరిశోధన పుస్తకంగా వచ్చింది. ఆమె నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీ ప్రొఫెసరయ్యారు, అమెరికా విద్యా పరిశోధకుల సంఘానికి అధ్యక్షురాలయ్యారు. ఈ బడికి ఇంతకంటే పెద్ద సర్టిఫికెట్ లేదు.

1996లో ఇల్లినాయ్ రాష్ట్రం చార్టర్ బళ్ల చట్టం చేసింది. ప్రభుత్వ నిధులతో, సొంత పాఠ్య ప్రణాళికతో బడి నడుపుకోవచ్చు. ఫీజు కట్టలేని పిల్లలకూ తలుపులు తెరవొచ్చన్న ఆలోచనతో మధుబూటి దంపతులు, విద్యావేత్త సోయిని వాల్టన్ కలిసి షబాజ్ బడి పెట్టారు. నిధులతో పాటు రాష్ట్ర పరీక్షలు, మార్కుల లెక్కలూ వచ్చాయి. 2015లో షికాగో విద్యాబోర్డు వీళ్ల మరో శాఖ బార్బరా సైజ్‌మోర్ అకాడమీని మూసేయాలని తీర్మానించింది. మరుసటి ఏడాది రాష్ట్ర కమిషన్ ఆ తీర్మానాన్ని తోసిపుచ్చింది. సర్కారు సొమ్ము తీసుకుంటే స్వతంత్రం ఎంత మిగులుతుందన్న వాదన ఈ బళ్ల వాళ్లలో ఇప్పటికీ ఉంది. పేద పిల్లలకు తలుపు తెరవడమే సరైన పనని నా అభిప్రాయం.

వెళ్లాలనుకునేవారు రెడ్ లైన్ రైలెక్కి 79వ వీధి స్టేషన్‌లో దిగి, తూర్పుకు పోయే 79 నంబరు బస్సు పట్టుకోవాలి. బడి జరుగుతుంటుంది కాబట్టి ముందుగా అనుమతి తీసుకోకుండా లోపలికి వెళ్లకూడదు. ఆ పక్కనే డాబ్సన్ అవెన్యూ 7822లో థర్డ్ వరల్డ్ ప్రెస్ ఉంది. 2017లో దానికి 50 ఏళ్లు నిండాయి. మధుబూటి పనిచేసిన మ్యూజియం ఇప్పుడు డుసేబుల్ పేరుతో వాషింగ్టన్ పార్కులో పెద్ద భవనంలో ఉంది. హాల్‌స్టెడ్ వీధి 9525లోని వుడ్‌సన్ లైబ్రరీలో నల్లజాతి చరిత్రకు సంబంధించిన వివియన్ హార్ష్ సేకరణ ఉంది. అమెరికా మధ్య పశ్చిమంలో అంత పెద్దది మరోటి లేదు. అరోరా, నేపర్‌విల్‌లలో ఉండే తెలుగువారు ఊరి నుంచి వచ్చిన చుట్టాలకు సరస్సు, మేడలు చూపించాక, ఒక పూట దక్షిణానికి కూడా తీసుకెళ్లండి.