పలిస పిట్టల వసంతయానం

పరిగికీ కొడంగల్‌కూ నడుమనున్న బొంరాస్‌పేట వైపు మెట్టపొలాల్లో యాసంగి జొన్న గింజ పట్టే రోజుల్లో మంచె ఎక్కిన రైతు ఒడిసెలతో తరిమే పక్షుల్లో గులాబి గోరింక ఒకటి. పలిస పిట్ట అన్నా ఇదే. తల, రెక్కలు నలుపు; వీపు, పొట్ట గులాబి. గుంపు వాలిందంటే కంకులకు నష్టం తప్పదు, రైతు కోపం న్యాయమైనదే. కానీ ఈ పక్షి బతుకును జొన్నచేను దగ్గరే ఆపి చూస్తే అసలు సంగతి తెలియదు.

మన దేశానికి ఇది జులై నుంచే రావడం మొదలుపెడుతుంది, ఏప్రిల్ దాకా ఉంటుంది. గుడ్లు పెట్టి పిల్లల్ని సాకేది మాత్రం మధ్య ఆసియా, తూర్పు ఐరోపా గడ్డిమైదానాల్లో, మే, జూన్ నెలల్లో. ఏడాదిలో ఎక్కువ కాలం ఇక్కడే గడిపే పక్షిని చలికాలపు అతిథి అనడం నాకు సరిగా తోచదు.

మాఘం దాటి పగలు పెరిగేకొద్దీ ఒంట్లో హార్మోన్లు మారతాయి, ఆకలి పెరుగుతుంది, చర్మం కింద కొవ్వు చేరుతుంది. గ్రాము పిండిపదార్థం ఇచ్చే శక్తికి రెట్టింపుకు మించి గ్రాము కొవ్వు ఇస్తుంది. దూరప్రయాణానికి అదే ఇంధనం. ఈకల లేతరంగు అంచులు అరిగిపోయి అడుగునున్న గులాబి వన్నె తేలుతుంది. సరిగ్గా అప్పుడే బూరుగ, మోదుగ పూస్తాయి. గోరింకల కుటుంబానికి చెరకు చక్కెరను అరిగించే ఎంజైమ్ లేదు. బూరుగ తేనెలో ఎక్కువగా ఉండేవి గ్లూకోజ్, ఫ్రక్టోజ్. అవి నేరుగా ఒంటబడతాయి. గట్టు మీది బూరుగ చెట్టు కొట్టేస్తే ఆ ప్రయాణపు బత్తెంలో కొంత తగ్గినట్టే.

దారి ఎలా తెలుస్తుంది? దీని దగ్గరి బంధువైన ఐరోపా స్టార్లింగ్ సూర్యుణ్ణి చూసి దిక్కు పోల్చుకుంటుందని 1950 ప్రాంతంలో జర్మన్ శాస్త్రవేత్త గుస్తావ్ క్రామర్ అద్దాలతో ఎండ దిశ మార్చి నిరూపించాడు. ఆపై డచ్ శాస్త్రవేత్త పెర్డెక్ వలసలో ఉన్న 11,000కు పైగా స్టార్లింగ్‌లను హాలెండ్‌లో పట్టి స్విట్జర్లాండ్‌లో వదిలించాడు. 1958లో వెలువడిన ఫలితం ఇది: తొలిసారి వలస పోతున్న పిల్లలు పుట్టుకతో వచ్చిన దిక్కునే పట్టుకుని వేరేచోటికి చేరాయి; పెద్దవి మాత్రం దారి సరిదిద్దుకున్నాయి. దిక్కు నెత్తుట్లో ఉంటుంది, గమ్యం అనుభవంతో వస్తుంది.

గమ్యాన్ని నిర్ణయించేది మిడత. మిడతలు దండిగా ఉన్నచోట వేల జంటలు రాళ్ల సందుల్లో గూళ్లు కడతాయి, అవి లేని ఏడు ఆ చోటికి రావు. చైనాలోని షిన్‌జియాంగ్‌లో 1980ల నుంచి మిడతల బెడద తగ్గించడానికి ఈ పక్షుల కోసమే రాళ్లు కుప్పలుగా పేర్చుతున్నారు. అక్కడ గూడు విడిచిన మట్టిరంగు పిల్లలు పెద్దవాటితో పాటు మన వైపు మళ్లుతాయి. జొన్న కంకి తొడగడానికి ఎంతో ముందే వచ్చి, మన పచ్చికబీళ్లలోనూ మిడతల్నే ఏరుకుని తింటాయి.