మీకు తెలుసా? యాక్సిలరేటర్ నొక్కగానే కారు ఎందుకు వణుకుతుందో!

పెట్రోల్ ఇంజన్ నిమిషానికి 3000 చుట్లు తిరుగుతున్నప్పుడు ఒక్కో సిలిండర్‌లో సెకనుకు 25 సార్లు నిప్పురవ్వ పుట్టాలి. అందులో కొన్ని తప్పినా కారు కుదుపులు మొదలుపెడుతుంది. మెకానిక్‌లు దీన్నే ‘మిస్సింగ్’ అంటారు.

నింపాదిగా వెళ్తుంటే బాగానే ఉండి, ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడే ఎందుకీ వణుకు? యాక్సిలరేటర్ నొక్కేకొద్దీ సిలిండర్‌లో ఒత్తిడి పెరుగుతుంది. అప్పుడు ప్లగ్గు సందును దాటడానికి రవ్వకు ఎక్కువ వోల్టేజి కావాలి. అరిగిన ప్లగ్గు, దానికి ఆ వోల్టేజి అందించే కాయిల్ నీరసించినా, సరిగ్గా అక్కడే చేతులెత్తేస్తాయి.

మెకానిక్ కారుకు తగిలించే స్కానర్‌లో పి0301 అనే కోడ్ వస్తే మిస్సింగ్ మొదటి సిలిండర్‌లో, పి0302 అయితే రెండో దాంట్లో. వెంటనే కొత్త కాయిల్ కొనేయకండి. ఇంజన్ ఆపి, చల్లారాక, ఒక్కో సిలిండర్‌కు విడిగా కాయిల్ ఉన్న కార్లలో అనుమానమున్నదాన్ని పక్క సిలిండర్‌కు మార్చి చూడండి. కోడ్ కూడా దాని వెంటే వెళ్తే దొంగ దొరికినట్టే! పైసా ఖర్చు లేని ఈ పరీక్షంటే నాకెంతో ఇష్టం. కోడ్ కదలకపోతే ప్లగ్గు, ఆ తర్వాత ఇంజెక్టర్ చూడాలి.

అసలు కోడే లేదా? యాక్సిలరేటర్ మీంచి కాలు తీయగానే వణుకు ఆగిపోతుంటే, ముందు చక్రాలను తిప్పే యాక్సిల్‌కు గేర్‌బాక్స్ వైపున్న జాయింట్ చూడమనండి. కాలు తీసినా గంటకు 80 కిలోమీటర్ల వేగంలో స్టీరింగ్ ఊగుతూనే ఉంటే చాలాసార్లు అది వీల్ బ్యాలెన్సింగ్ సమస్య.

చెక్ ఇంజన్ లైటు ఆరుతూ వెలుగుతూ ఉంటే మాత్రం దయచేసి బండి పక్కకు ఆపండి. కాలని పెట్రోలు క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి చేరి అక్కడ మండుతుంది. ఆ వేడికి ఖరీదైన ఆ భాగం లోపలే కరిగిపోవచ్చు.