టీ గ్రేడు చెప్పేది జల్లెడ, ధర చెప్పేది నాలుక

(మా వాణిజ్య విలేకరి)

ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో చెప్పుకోదగ్గ తేయాకు పంట లేదు. మనం తాగే టీ అంతా అస్సాం, ఉత్తర బెంగాల్, నీలగిరి, కేరళ కొండల నుంచి రావలసిందే. అందువల్ల ఇక్కడి టోకు వర్తకుల లాభనష్టాలు పంట కంటె తాగేవారి రుచి మీదే ఎక్కువగా ఆధారపడి ఉన్నాయి. ఒక ఊళ్ళో వారం తిరక్కుండా అమ్ముడుపోయే సరుకు పక్క ఊళ్ళో నెలల తరబడి గోడౌనులో మూలుగుతూ ఉంటుంది. టీ నిల్వ ఉన్నకొద్దీ చెమ్మ పీలుస్తుంది, వాసన తగ్గుతుంది. ధర వచ్చేదాకా దాచి అమ్ముకుందామంటే కుదిరే సరుకు కాదు. కనుక ఏ ఊరికి ఏ రకం అనే లెక్క తెలియనివారికి పెట్టుబడి చిక్కుబడక తప్పదు.

డస్టు అంటే చెత్త కాదు

2024లో దేశంలో సుమారు 128 కోట్ల కిలోల టీ తయారైంది. అందులో ఎగుమతి అయినది 25 కోట్ల కిలోల పైచిలుకు మాత్రమే. మిగతాదానికి గిరాకీ దేశంలోనిదే. తయారీలో అత్యధిక భాగం సి.టి.సి. రకం. ఆకును నలిపి, చీల్చి, చుట్టే ఈ యంత్ర పద్ధతి 1930 ప్రాంతంలో అస్సాంలో మొదలైంది. పాలు పోసి కాచే టీకి ఇదే అనువైనది. డార్జిలింగు వంటి ఆర్థోడాక్స్ రకాలు పాలు లేకుండా, పరిమళం కోసం తాగదగినవి. మన జిల్లాల్లో వాటికి గిరాకీ స్వల్పం.

యంత్రం నుంచి వచ్చిన టీని జల్లెడ పట్టి గింజ పరిమాణాన్ని బట్టి వేరు చేస్తారు. పెద్ద గింజ బి.ఓ.పి., బి.పి. గ్రేడులు. అంతకంటె చిన్నది పి.ఎఫ్. మరీ సన్నది పి.డి., డి. వంటి డస్టు గ్రేడులు. ఒకే తోటలో ఒకే రోజు కోసిన ఆకు నుంచి ఇవన్నీ వస్తాయి. గ్రేడు అనేది జల్లెడ లెక్కే తప్ప గుణం లెక్క కాదు. మంచి తోట డస్టు, నాసి తోట లీఫ్ టీ కంటె ఎక్కువ ధర పలకటంలో వింత లేదు. కర్మాగారంలో మిగిలే టీ వ్యర్థం వేరే సరుకు. దాని అమ్మకాన్ని అదుపు చేయటానికి 1959లోనే ప్రత్యేక ఉత్తర్వు వచ్చింది.

గ్లాసు లెక్క

గుజరాత్, రాజస్థాన్‌లలో అస్సాం లీఫ్ టీకి గిరాకీ ఎక్కువ. కాశ్మీరులో పచ్చ టీకి ఉప్పు, సోడా చేర్చి కాస్తారు. దక్షిణాదిన మాత్రం డస్టుదే పైచేయి. కొచ్చి వేలంలో డస్టుకు ప్రత్యేక స్థానం ఉండటానికి కారణం ఇదే. హైదరాబాదు బేగంబజారు పరిసరాల్లో స్థిరపడిన మార్వాడీ, గుజరాతీ కుటుంబాలు లీఫ్ అడగటమూ, పక్క వీధిలోని హోటలు డస్టు అడగటమూ మామూలే.

హోటలు వారు డస్టు కోరటానికి కారణం రుచి ఒక్కటే కాదు. సన్న గింజ త్వరగా దిగుతుంది, చిక్కని రంగు ఇస్తుంది. ఉదాహరణకు లీఫ్ టీ గ్లాసుకు రెండున్నర గ్రాములు, డస్టు రెండు గ్రాములు పడుతుందనుకుందాం. కిలో లీఫ్ 400 గ్లాసులు, కిలో డస్టు 500 గ్లాసులు. అప్పుడు కిలో 240 రూపాయల లీఫ్, 300 రూపాయల డస్టు హోటలు వారికి ఒకటే. గ్లాసుకు 60 పైసలు. కిలో ధర చూసి చౌక అనుకుని సరుకు దింపిన వర్తకులు దెబ్బ తినేది ఇక్కడే.

ఊరి నీరు, ఊరి పాలు

గుంటూరు మిర్చి వర్తకులకు ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. కారం కావలసినవారికి తేజ, రంగు కావలసినవారికి బ్యాడిగి. టీలోనూ అంతే. చిక్కని గేదెపాలు పోసే చోట అస్సాం సరుకు బలం లేకపోతే గ్లాసులో టీ కనపడదు. నీలగిరి సరుకుకు సువాసన ఉంటుంది గాని ఒళ్ళు తేలిక. అందుకే అనుభవజ్ఞులు రెంటినీ పాళ్ళు చూసి కలుపుతారు. పాలు విడిగా మరగబెట్టి, డికాక్షను సన్నని సెగ మీద చాలాసేపు ఉంచే ఇరానీ హోటలుకు, అప్పటికప్పుడు కాచి ఇచ్చే టీ బంకుకు ఒకే రకం పనికిరాదు. నీటి సంగతీ మరవరాదు. ఉప్పునీటి బోర్ల ఊళ్ళలో టీ రంగు మందగిస్తుంది. ఊరి నీటికి తగ్గట్టు టీ కలపటం ఇంగ్లండు వర్తకుల పాత పద్ధతే.

రంగు ఆశ

చిక్కని రంగుకు గిరాకీ ఉన్న చోటే కల్తీ కూడా తలెత్తుతుంది. టీలో రంగు కలపటం చట్టరీత్యా నేరం. ఒకసారి కాచిన పొడిని ఆరబెట్టి, రంగు పట్టించి అమ్మే సరుకు చౌకగా దొరికితే, ఆ చౌకే అనుమానించదగ్గ విషయం. పరీక్ష సులువు. వడపోత కాగితం మీద పొడి పరచి నీళ్ళు చిలకరించాలి. పొడి దులిపి, కాగితాన్ని కడిగి వెలుతురులో చూస్తే రంగు మరకలు బయటపడతాయి. ఇనుప రజను ఉన్నదీ లేనిదీ అయస్కాంతం చెబుతుంది. ఒక్క బస్తా కల్తీ పట్టుబడితే ఏళ్ళ తరబడి తెచ్చుకున్న పేరు పోతుంది.

ఉత్తరాది డస్టు అంతా వేలం ద్వారానే అమ్మాలనే కేంద్ర ఉత్తర్వు 2024లో వచ్చింది. నిఘాకు వీలు కలగటం దాని ఉద్దేశాలలో ఒకటి.

కొనుగోలుకు కాలం కూడా ముఖ్యం. ఉత్తరాది తోటల్లో చలికాలం కోత ఆగిపోతుంది. దక్షిణాదిన ఏడాది పొడుగునా సాగుతుంది. అస్సాంలో మే, జూన్ నెలల కోత సరుకుకు బలమూ రంగూ ఎక్కువ. మేలురకం కావలసినవారు అప్పుడే చూసుకోవటం మంచిది. నిల్వలో అగరువత్తులు, సబ్బులు, మసాలాల పక్కన టీ ఉంచరాదు. అన్నిటికీ మించి, శాంపిలు చేతికి రాగానే అది అమ్మబోయే ఊరి నీళ్ళతో, ఆ ఊరి పాలతో కాచి, అక్కడి హోటలు యజమానికే రుచి చూపించి ఆర్డరు పెట్టటం శ్రేయస్కరం. ఒక్క గ్లాసు ఖర్చుతో గోడౌను నిండా నష్టం తప్పుతుంది.