సింగిల్స్ వదిలాకే నంబర్ వన్!

చదివిన బ్రాంచ్‌లో ఉద్యోగం రాకపోతే నాలుగేళ్ల బీటెక్ వృథాయేనా? ప్లేస్‌మెంట్ల సీజన్‌లో తిరుపతి, చిత్తూరు కాలేజీల్లో ఇదే బెంగ. ఒక్కసారి సానియా మీర్జా కెరీర్ చూడండి.

హైదరాబాద్‌లో పెరిగిన సానియా 2003లో ప్రొఫెషనల్ అయింది. 2005లో సొంతూళ్లోనే హైదరాబాద్ ఓపెన్ గెలిచి, డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ సాధించిన తొలి భారతీయ మహిళగా నిలిచింది. 2007లో 27వ ర్యాంకు. ఆ తర్వాత గాయాలు, మోకాలికి, మణికట్టుకు సర్జరీలు.

2013 నాటికి సింగిల్స్ వదిలేసింది. టెన్నిస్‌ను మాత్రం వదల్లేదు. తన బలమైన ఫోర్‌హ్యాండ్‌నే నమ్ముకుని పూర్తిగా డబుల్స్‌కు మళ్లింది. 2015 ఏప్రిల్‌లో ప్రపంచ నంబర్ వన్! మార్టినా హింగిస్‌తో కలిసి ఆ ఏడాది వింబుల్డన్, యూఎస్ ఓపెన్, 2016లో ఆస్ట్రేలియన్ ఓపెన్ గెలిచింది. మిక్స్‌డ్‌తో కలిపి మొత్తం 6 గ్రాండ్‌స్లామ్‌లు.

అదే రాకెట్, అదే కోర్టు. మారింది ఫార్మాటే.

మీరూ అంతే. మెకానికల్ వాళ్లకు కోడింగ్ రాకపోయినా డిజైన్ సాఫ్ట్‌వేర్ వచ్చుంటుంది. సివిల్ వాళ్లకు ఎస్టిమేషన్ తెలుసు. మీకు బాగా వచ్చిన పని ఒకటి కాగితం మీద రాయండి. అది అవసరమయ్యే ఉద్యోగాలు శ్రీసిటీ నుంచి చెన్నై దాకా ఎక్కడున్నాయో ఈ వారమే వెతకండి. సున్నా నుంచి మొదలుపెట్టక్కర్లేదు.