ఆఖరి మజిలీలో ఆసరా ఎవరు?

"ఇక మేము చేయగలిగిందేమీ లేదు, ఇంటికి తీసుకువెళ్ళండి." ఈ మాటతో ఆసుపత్రి బాధ్యత ముగుస్తుంది. కుటుంబం బాధ్యత అక్కడే మొదలవుతుంది. పక్షవాతంతో మంచం పట్టిన తండ్రిని పక్క మీద ఎలా తిప్పాలో, క్యాన్సరు ముదిరిన తల్లికి రాత్రిపూట లేచే నొప్పిని ఎలా చల్లార్చాలో, కన్నబిడ్డలనే గుర్తుపట్టలేని తాతకు అన్నం ఎలా తినిపించాలో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. చెప్పేవారూ ఉండరు. వ్యాధి నయం కాదని తేలిన తరువాత కూడా రోగికి చేయవలసింది ఎంతో మిగిలి ఉంటుందన్న సంగతి మన వైద్య వ్యవస్థ చాలాకాలం గుర్తించలేదు. గుర్తించిన తరువాత కూడా, ఆ పని చేయవలసిన నర్సుకు తగిన స్థానం కల్పించలేదు.

సమస్య చిన్నది కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో 60 ఏళ్ళు దాటినవారు 10 కోట్ల 38 లక్షల మంది. వీరిలో 71 శాతం పల్లెల్లోనే ఉన్నారు. 2017-18లో జరిగిన దేశవ్యాప్త వార్ధక్య సర్వేలో, వృద్ధులలో సుమారు నాలుగో వంతు మందికి స్నానం, భోజనం, దుస్తులు ధరించడం, మరుగుదొడ్డికి వెళ్ళడం వంటి నిత్యకృత్యాలలో కనీసం ఒకదానికి ఇబ్బంది ఉన్నట్లు వెల్లడైంది. మతిమరుపు వ్యాధికి గురైన వృద్ధుల సంఖ్య 88 లక్షలని 2023లో వెలువడిన అంచనా. వీరిలో అత్యధికులకు కావలసింది శస్త్రచికిత్స కాదు, ఇంటి వద్ద నిపుణతతో కూడిన సేవ.

నర్సుల పరిశోధన తేల్చిన నిజం

వృద్ధుల సేవ కేవలం దయాధర్మాలకు సంబంధించిన విషయమని, దానికి శాస్త్రంతో పని లేదని ఒకప్పుడు భావించేవారు. ఈ భావనను తొలగించినవారిలో బ్రిటిష్ నర్సు డోరీన్ నార్టన్ ముఖ్యురాలు. మంచాన పడిన వృద్ధుల వీపుపై, పిరుదులపై, మడమలపై ఏర్పడే పుండ్లు ఆనాటి ఆసుపత్రులలో నిత్య దృశ్యం. వాటి నివారణకు స్పిరిట్లు, లేపనాలు రాసి మర్దన చేసేవారు. నార్టన్ తన సహచరులతో కలిసి వృద్ధరోగులను పరిశీలించి 1962లో నివేదిక వెలువరించారు. పుండుకు మూలం ఒకేచోట ఆగకుండా పడే ఒత్తిడేనని, క్రమం తప్పక రోగిని పక్కకు తిప్పితే ఆ ఒత్తిడి తొలగుతుందని ఆ పరిశీలన తేల్చింది. శారీరక స్థితి, మానసిక స్థితి, నడక, కదలిక, మలమూత్రాలపై అదుపు అనే ఐదు అంశాలకు మార్కులు వేసి, ఎవరికి పుండుపడే ప్రమాదం ఉందో ముందే పసిగట్టే కొలమానాన్ని కూడా ఆమె రూపొందించారు. 20 మార్కులకు 14 లేదా అంతకన్నా తక్కువ వస్తే ప్రమాదమున్నట్లు లెక్క. దీనికి యంత్రం అక్కరలేదు, కాగితం, కలం, చూసే కన్ను చాలు.

అదే దశాబ్దంలో మరో మేలిమలుపు వచ్చింది. నర్సుగా జీవితం ఆరంభించి, అనంతరం వైద్యురాలైన సిసిలీ సాండర్స్ 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్‌ను నెలకొల్పారు. మరణానికి చేరువైన రోగి బాధ శరీరానికి మాత్రమే పరిమితం కాదని, మనసు, కుటుంబం, విశ్వాసం అన్నీ అందులో భాగమేనని ఆమె బోధించారు. నొప్పి లేచిన తరువాత కాక, లేవకముందే గడియారం ప్రకారం మందు ఇవ్వాలన్న సూత్రాన్ని ఆచరణలో నిలబెట్టారు. నేడు ఉపశమన సేవ లేదా పాలియేటివ్ కేర్ అని పిలుస్తున్న వైద్యశాఖకు పునాది ఇదే.

కోజికోడ్ నుంచి మలప్పురం దాకా

మన దేశంలో తొలి హాస్పిస్ 1986లో ముంబయిలో శాంతి అవేదన సదన్ పేరిట వెలసింది. అయితే పడకల సంఖ్య పరిమితమైన ఇటువంటి గృహాలు ఇంత పెద్ద దేశపు అవసరాలు తీర్చలేవు. దీనికి భిన్నమైన మార్గాన్ని కేరళ చూపింది. మత్తుమందు వైద్యుడు డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్, ఆయన సహచరులు 1993లో కోజికోడ్ ప్రభుత్వ వైద్య కళాశాలలో పెయిన్ అండ్ పాలియేటివ్ కేర్ సొసైటీని ప్రారంభించారు. దేశమంతా తిరిగి ఈ విద్యపై శిక్షణ శిబిరాలు నిర్వహించిన ఇంగ్లండు నర్సు గిల్లీ బర్న్ ప్రోత్సాహం ఈ ప్రయత్నం వెనుక ఉండడం గమనార్హం.

రోగులు ఆసుపత్రికి రాలేకపోవడంతో సేవే రోగి ఇంటికి వెళ్ళవలసి వచ్చింది. 1999 తరువాత మలప్పురం జిల్లాలో ఇది ప్రజా ఉద్యమ రూపం దాల్చింది. ఉపాధ్యాయులు, విద్యార్థులు, చిరు వ్యాపారులు, కూలీలు స్వచ్ఛంద సేవకులుగా కొద్దిపాటి శిక్షణ పొందారు. తమ వీధిలో ఎవరు మంచాన పడ్డారో, ఎవరింట బియ్యం లేవో వారే కనిపెట్టి చెప్పేవారు. చిన్న చిన్న విరాళాలే నిధులు. 2008లో కేరళ ప్రభుత్వం ఉపశమన సేవకు ప్రత్యేక విధానాన్ని ప్రకటించింది. దేశంలో ఏ రాష్ట్రమైనా ఇటువంటి విధానం ప్రకటించడం అదే ప్రథమం. గ్రామ పంచాయతీల ద్వారా ఇంటింటి సేవకు దీనితో మార్గం సుగమమైంది. 2010లో వెలువడిన ఒక అంతర్జాతీయ నివేదిక మరణ సమయపు సంరక్షణలో 40 దేశాల జాబితాలో భారత్‌ను అట్టడుగున నిలిపింది. దేశ జనాభాలో మూడు శాతం ఉన్న కేరళలోనే దేశం మొత్తంలోని ఉపశమన సేవలలో మూడింట రెండు వంతులు ఉన్నాయని అదే నివేదిక పేర్కొంది.

నర్సు సంచిలో

కేరళ పద్ధతికి వెన్నెముక కమ్యూనిటీ నర్సు. మూడు నెలల ప్రత్యేక శిక్షణ పొందిన ఈమె స్వచ్ఛంద సేవకుడితో, ఆశా కార్యకర్తతో కలిసి వాహనంలో ఇళ్ళకు బయలుదేరుతుంది. ఆమె సంచిలో ఉండేవి సామాన్యమైన వస్తువులే. మూత్రనాళపు గొట్టాలు, కట్లు కట్టే దూది, గుడ్డ, రక్తపోటు కొలిచే పరికరం, కొన్ని మాత్రలు. చేసే పని మాత్రం సామాన్యమైంది కాదు. గొట్టం మార్చడం, పుండు కడిగి కట్టు కట్టడం, మంచం మీదనే స్నానం చేయించడం ఆమె చేస్తూనే ఇంట్లోని కూతురికో, కోడలికో నేర్పుతుంది. రాత్రింబవళ్ళు సేవ చేసి అలసిపోయిన ఆ ఇంటి ఇల్లాలి ఆరోగ్యం గురించి అడిగేది కూడా చాలా సందర్భాలలో ఆమె ఒక్కతే. క్యాన్సరు రోగుల కోసం ఆరంభమైన ఈ సేవ క్రమంగా పక్షవాతం, వెన్నుపాము గాయాలు, మూత్రపిండాల వైఫల్యం, వార్ధక్య బలహీనత వంటి దీర్ఘకాల బాధలన్నింటికీ విస్తరించింది.

అయితే లోపాలు లేకపోలేదు. ఇంత బరువు మోసే నర్సులలో అనేకులు తాత్కాలిక పద్ధతిపై, స్వల్ప వేతనానికి పనిచేస్తున్నవారే. మరోవైపు కేరళ నర్సులు వేలాదిగా గల్ఫ్ దేశాలకు, బ్రిటన్‌కు వెళ్ళి అక్కడి వృద్ధులకు సేవ చేస్తున్నారు. వారి తల్లిదండ్రులు స్వగ్రామాలలో ఒంటరిగా మిగిలిపోతున్నారు. ఈ వైపరీత్యానికి పరిష్కారం స్థానికంగా పనిచేసే నర్సుకు స్థిరమైన ఉద్యోగం, గౌరవప్రదమైన జీతం కల్పించడంలోనే ఉంది.

నల్లమందు పండే దేశంలో నొప్పి

తీవ్రమైన నొప్పికి మార్ఫిన్ చవకైన, నమ్మకమైన మందు. దాని ముడిసరుకైన నల్లమందును మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ రాష్ట్రాలలో ప్రభుత్వ అనుమతితో పండిస్తున్నారు. ఇక్కడి నుంచి విదేశాలకు ఎగుమతి కూడా అవుతోంది. కానీ మన రోగికే మార్ఫిన్ అందని స్థితి దశాబ్దాలు కొనసాగింది. మాదకద్రవ్యాల నిరోధానికి 1985లో తెచ్చిన కఠిన చట్టం దీనికి ప్రధాన కారణం. ఒక్క ఆసుపత్రి మార్ఫిన్ నిల్వ ఉంచాలంటే పలు శాఖల నుంచి నాలుగైదు లైసెన్సులు తీసుకోవలసి వచ్చేది. ఒకటి వచ్చేసరికి మరొకటి గడువు తీరేది. జైలు భయంతో మందుల దుకాణాలు దానిని ఉంచడం మానేశాయి. ఫలితంగా ఆ తరువాతి పుష్కర కాలంలో దేశంలో మార్ఫిన్ వాడకం సుమారు 97 శాతం పడిపోయింది. ఒక తరం వైద్యులు ఈ మందును చేతితో తాకకుండానే చదువు ముగించారు.

2014లో పార్లమెంటు ఈ చట్టాన్ని సవరించింది. అత్యవసర మాదక ఔషధాలకు ఒకే లైసెన్సు, దేశమంతా ఒకే నిబంధన అనే ఏర్పాటు దీనితో వచ్చింది. అయితే చట్టం మారినంత వేగంగా ఆచరణ మారలేదు. గుర్తింపు పొందిన సంస్థలో శిక్షణ పొందిన వైద్యుడు ఉండాలి, మందు రాయవలసినదీ వైద్యుడే. పల్లెలో మంచం దగ్గరకు వెళ్ళేది నర్సు. నొప్పి పెరిగిందని ఆమె కళ్ళారా చూసినా మోతాదు మార్చే అధికారం ఆమెకు లేదు. ఆఫ్రికాలోని ఉగాండా ఈ చిక్కును 2004లోనే విడదీసింది. ప్రత్యేక శిక్షణ పొందిన నర్సులు మార్ఫిన్ రాయడానికి అక్కడి చట్టం అనుమతిస్తోంది. ఉగాండాలో హాస్పిస్ సేవ ఆరంభమైన సంవత్సరం కూడా, కోజికోడ్‌లో వలెనే, 1993 కావడం ఇక్కడ ప్రస్తావనార్హం.

ఆశ్రమాలకు అజమాయిషీ ఏది?

ఇంటి వద్ద చూసేవారు లేని వృద్ధులకు ఆశ్రమాలే శరణ్యం. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. నిరుపేద వృద్ధుల కోసం జిల్లాకు కనీసం ఒక ఆశ్రమం, అందులో కనీసం 150 మందికి వసతి ఉండాలని అందులో పేర్కొన్నారు. కానీ వసతి వేరు, సేవ వేరు. రాత్రిపూట నర్సు ఉందా, పుండ్లు పడుతున్నాయా, మందులు వేళకు ఇస్తున్నారా అని తనిఖీ చేసే సమగ్ర వ్యవస్థ కొరవడింది. ఆశ్రమాలను, ఇళ్ళకు ఆయాలను, హోమ్ నర్సులను పంపే సంస్థలను నమోదు చేయించి, కనీస ప్రమాణాలు విధించేందుకు ఉద్దేశించిన సవరణ బిల్లును 2019 డిసెంబరులో లోక్‌సభలో ప్రవేశపెట్టారు. చట్టరూపం దాల్చకముందే 2024లో సభ రద్దు కావడంతో అది మురిగిపోయింది.

తెలుగునాట ప్రయత్నాలు పూర్తిగా శూన్యమని చెప్పలేము. హైదరాబాదులోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి ఉపశమన సేవకు ప్రత్యేక విభాగాన్ని నడుపుతోంది. తెలంగాణ ప్రభుత్వం జిల్లా స్థాయిలో పాలియేటివ్ కేంద్రాలను నెలకొల్పింది. అయినా కేరళలో వలె ప్రతి పంచాయతీకి ఒక నర్సు, ఒక వాహనం, చుట్టూ స్వచ్ఛంద సేవకుల బృందం అనే స్థితి ఇతర రాష్ట్రాలకు ఇంకా దూరంగానే ఉంది. ఉపశమన సేవ అవసరమైన వారిలో ప్రపంచవ్యాప్తంగా 14 శాతం మందికే అది అందుతోందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

2024 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం 70 ఏళ్ళు నిండిన వారందరికీ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఏటా 5 లక్షల రూపాయల దాకా ఉచిత వైద్యం ప్రకటించింది. హర్షణీయమే. కానీ ఆ కార్డు ఆసుపత్రి పడక మీద చేసే చికిత్సకు మాత్రమే పనికివస్తుంది. ఇంటిలో మంచం మీద ఉన్న వృద్ధురాలిని రెండు గంటలకొకసారి పక్కకు తిప్పడం నేర్పే మనిషిని పంపదు. ఆ మనిషిని ప్రతి పంచాయతీకి ఇవ్వడం, ఆమెకు శిక్షణ, జీతం, తగినంత అధికారం కల్పించడం ప్రభుత్వాల ముందున్న కర్తవ్యం. ఇందుకు కావలసిన జ్ఞానం ఆరు దశాబ్దాల క్రితమే సిద్ధమైంది. ఆచరణయోగ్యమైన నమూనా కూడా దేశంలోనే ఉంది. ఇక ఆలస్యానికి సాకు లేదు.