కీమోకు తోడుగా ఒక జన్యువు

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు రేడియేషన్‌తో పాటు సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు ఎక్కించడం నర్సుగా నా పని. కిడ్నీలు దెబ్బతినకుండా సెలైన్ పెడతాం, వాంతులకు ఇంజెక్షన్ ఇస్తాం. "సిస్టరమ్మా, ఈ మందు ఇంకా గట్టిగా పనిచేసే దారి లేదా?" అని రోగులు అడుగుతుంటారు. ఆ దారి కోసమే పరిశోధన జరుగుతోంది.

సిస్‌ప్లాటిన్ క్యాన్సర్ కణంలోని డీఎన్‌ఏను దెబ్బతీస్తుంది. అలా చెడిన కణాన్ని చావమని ఆదేశించే ప్రొటీన్లలో పీ53 ముఖ్యమైనది. ఈ క్యాన్సర్‌కు దాదాపు ప్రతిసారీ మూలమైన హెచ్‌పీవీ వైరస్, ఈ6 అనే ప్రొటీన్‌తో ఆ పీ53నే నాశనం చేయిస్తుంది. కాపలావాణ్ణి కట్టేసి ఇల్లు దోచినట్టు.

అందుకే శాస్త్రవేత్తలు ఈ6 జన్యువును పనిచేయకుండా ఆపడమో, శరీరంలో పెరగకుండా మార్చిన అడినోవైరస్‌తో పీ53 జన్యువును కణితిలోకి పంపడమో చేసి, దానికి కీమోను జోడించి చూస్తున్నారు. చైనా 2003లో తల, మెడ క్యాన్సర్‌కు పీ53 జన్యుచికిత్సను అనుమతించింది. ముఖద్వార క్యాన్సర్‌కు మాత్రం ఇది ఇంకా మామూలు వైద్యం కాలేదు. కణితిలోని కణాలన్నిటికీ జన్యువును చేర్చడం కష్టం.

అందాకా మన చేతిలో ఉన్నది నివారణ. ఆడపిల్లలకు 9 నుంచి 14 ఏళ్ల మధ్య హెచ్‌పీవీ టీకా వేయించండి. 30 దాటిన అక్కలూ వదినలూ, సిగ్గుపడకుండా ఈ క్యాన్సర్ పరీక్ష చేయించుకోండి.